నీళ్ళు నిలిచే టోపీ

పెరూ దేశపు టిటికాకా సరస్సులోని మా టకీలే దీవిలో మగవాళ్ళే ఊలు అల్లుతారు. పెళ్ళికొడుకు అల్లిన టోపీలో కాబోయే మామ నీళ్ళు పోస్తాడు, కారితే పిల్లనివ్వడు. మా అన్న సెబెరీనో ఒడ్డునున్న పూనో పట్నం ఆసుపత్రిలో తెరిపిలేని నర్సు పనిలో పడి అల్లికే మరిచాడు. అతని టోపీ బొటబొటా కారింది.

"ఏం అల్లుడు గారూ, ఇది టోపీయా, జల్లెడా?" అన్నాడు పెళ్ళికూతురు హుస్తా తండ్రి.

అన్న సెలవు పెట్టాడు. చిన్నప్పుడు నాన్న అల్లిక నేర్పిన రాతిగోడ మీదే కూర్చుని మళ్ళీ అల్లాడు. ఊలు వాసనకు నాన్న పాడే కూనిరాగం కూడా గొంతులోకి తిరిగొచ్చింది.

ఈసారి చుక్క కారలేదు.

"పిల్ల నీదేరా!" అన్నాడు మామ.

"ఎర్ర ఊలుందా మామా? ఇంకోటి మొదలెడతా."

"ముందు నన్ను చేసుకో, తర్వాత అల్లుకుందువుగాని!" అని హుస్తా సూదులు లాక్కుంది.