పై అర్రలో ఏం పెడతారని అడిగిన సారు

మొన్న మా మామయ్య మిట్టమధ్యాహ్నం దుకాణం కట్టేసి ఇంటికొచ్చారు. అమావాస్యకు తప్ప తలుపు వేయని మనిషి. ఒంట్లో బాగాలేదేమోనని నీళ్ల చెంబుతో ఎదురెళ్లాను. "ఇంజనీరు సారు పోయిండంట. బీరంగూడకెల్లి మనిషొచ్చి చెప్పిండు" అంటూ అరుగు మీద కూలబడ్డారు. చెంబు అందుకుని, "ఇగ ఎవర్నడగాలె?" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకంటే ఒకప్పుడు ఆ సారును ఇంటికి పిలవడమే దండగ అన్నది ఈ మామయ్యే.

రిటైరై బీరంగూడ వెళ్లకముందు సారు సంగారెడ్డిలో మా ఎదురింట్లో కిరాయికి ఉండేవారు. పొద్దున్నే బస్సెక్కి పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ షెడ్ల పనికి పోయేవారు. ఆ రోజుల్లో ఇంజనీర్లు ఫ్యాక్టరీలకే, ఇళ్లకు మేస్త్రీలే. ఆదివారం ఎవరైనా పిలిస్తే మాత్రం ఇళ్లు చూసేవారు, ఫీజు అడిగి మరీ తీసుకునేవారు. "ఉత్తగ జెప్పిన మాట ఎవ్వడింటడు?" అనేవారు. వచ్చీ రాగానే గోడకు చెవి ఆనించి, వేలి మెటికలతో కొట్టి వినేవారు. చూసే పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు.

మాది పాత మట్టిగోడల ఇల్లు. నాకు ఆడపిల్ల పుట్టాక చోటు చాలలేదు. మేం పడుకునే గది మీద ఇంకో గది వేసి మాకిస్తామన్నారు. నాకెంత ఆశో! ఉమ్మడి ఇంట్లో మా ఆయనతో నాలుగు మాటలు మాట్లాడాలంటే వంటింటి పొగలోనే.

"మేస్త్రి ఉండంగ ఇంజనీరెందుకు? పెండ్లికి అయ్యగారు సాలడా, జడ్జిని గూడ పిలవాల్నా?" అని, సారుకు చూపిద్దామన్న మా ఆయనను మామయ్య కసిరారు. మా ఆయన ఎలాగో ఒప్పించి సారును తీసుకొచ్చారు.

గోడ విన్నాక సారు, "సేటూ, పై అర్రల ఏం పెడ్తరు?" అని అడిగారు.

"ఏం పెడ్తం సారూ, మంచాలు. పిల్లలు పండుకునేటందుకు" అన్నారు మామయ్య.

అది సగం నిజమేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎండాకాలం వస్తే చింతపండు బస్తాలు దుకాణం దాటి మా ఇంటి ప్రతి గదిలోకీ వచ్చేస్తాయి. కానీ సరుకు ఎక్కడుందో, ఎంతుందో బయటివాళ్ల ముందు నోరెత్తకూడదన్నది మా వ్యాపారుల ఇళ్లలో కట్టుబాటు. ఇంజనీరు ముందు కూడా అదే పాటించారు.

సారుకు అనుమానం వచ్చింది కాబోలు. తలుపు వెనకున్న నా వైపు తిరిగి, "ఇల్లెట్ల కట్టిన్రో మగోళ్లు జెప్తరు, ఎట్ల వాడుతున్రో ఆడోళ్లే జెప్తరు. నువ్వు జెప్పు బిడ్డా" అన్నారు.

నిజం చెబితే గది రాదు. చెప్పకపోతే ఆ బస్తాల కింద పడుకునేది నా చంటిపిల్ల.

"ఎండాకాలంల చింతపండు బస్తాలు పైననే పెడ్తరు సారూ. అప్పుడు మేం పిల్లనేసుకొని కింద పండుకుంటం" అనేశాను.

మామయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. సారు మాత్రం పకపకా నవ్వారు. "మనుషులు మొహమాటపడ్తరు సేటూ, గోడ పడదు. ఈ మట్టిగోడ మంచాలే మొయ్యదు, బస్తాలేం మోస్తది? పునాది కాడికెల్లి పిల్లర్లు లేపాలె. లేకుంటే పై అర్ర ముచ్చటే వద్దు" అని చెప్పి వెళ్లిపోయారు.

ఇంట్లో రభస. కోడలు నోరు విప్పిందని ఒకటి, పిల్లర్ల ఖర్చని ఇంకొకటి. చివరికి మా అత్తయ్యే తేల్చేశారు. "బస్తాలు పోతె మళ్ల కొంటవ్. పిల్ల పోతె యాడ కొంటవ్?" మామయ్య చెప్పులేసుకుని ఎదురింటికి నడిచారు.

పని సాగినన్నాళ్లూ సారు బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చేవారు. పిల్లర్ల ఇనప సలాకలకు కట్టిన తీగ వదులుగా కనిపిస్తే మేస్త్రి పక్కన కూర్చుని తానే బిగించేవారు. కింది గది మీద స్లాబు పోశాక, అది గట్టిపడేదాకా కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు జల్దీ తీసేయమని మామయ్య పట్టుబట్టారు. "బాలింతను గప్పుడే నీళ్లకు పంపుతరా సేటూ?" అని సారు ఆపేశారు.

నాకు గది దక్కింది. ఇది రాస్తున్నదీ అందులోనే, చింతపండు వాసనలో. మీరెవరైనా ఇల్లు కట్టుకుంటుంటే, ఇంజనీరు అడిగినప్పుడు మీ ఇంటి ఆడవాళ్లను కూడా మాట్లాడనివ్వండి. ఆయన నన్ను అడిగారు, నా మాట విన్నారు. అప్పటిదాకా ఆ ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగలేదు.

చెక్కలు తీసిన రోజు మేమంతా వీధిలోకొచ్చి నిలబడ్డాం. మా వీధికి అదే మొదటి స్లాబు. ఆఖరి గుంజ పక్కకు లాగుతుంటే మామయ్య కళ్లు మూసుకున్నారు. సారు స్టూలు పట్టుకుని లోపలికెళ్లి, గది నడిమధ్యలో వేసుకుని కూర్చున్నారు. "బిడ్డా, చాయ్ గిట్ల తీస్కరా. పిల్లను గూడ తీస్కరా" అని కేకేశారు.

చాయ్ పట్టుకుని, పిల్లను చంకనేసుకుని లోపలికి వెళ్లాను. సారు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చాయ్ సాసర్లో పోసుకుని తాపీగా ఊదుకుంటున్నారు. పిల్ల ఆయన కళ్లద్దాలు లాగుతోంది. పైనుంచి పచ్చి సిమెంటు వాసన. నేను పక్కనే నిలబడ్డాను. మామయ్య ఒక కాలు గడప లోపల పెట్టి, పైకి చూస్తూ అలాగే నిలబడిపోయారు.