గెనిమ మీది గుర్తురాయి

పెనుకొండ దారిలోని ఆయిల్ టెర్మినల్‌ను పెంచుతున్నారన్న కబురు వచ్చినప్పటి నుంచి నాయనకు నిద్ర లేదు. కొత్త ట్యాంకులు కడతారట, ఇప్పుడున్న పైపులైను పక్కనే ఇంకొకటి వేస్తారట. లైను పోయే పట్టీలో పంట పెట్టుకోవచ్చు గానీ బోరు వేయకూడదు. కనగానపల్లి దగ్గర మాకున్నది ఒక్కటే చేను, పాత లైను దాని గుండానే పోతుంది. దాంట్లో పాత బోరు ఎండిపోయింది. కొత్త లైనుకు కొలతలు పడకముందే కొత్తది దించేయాలని ఆయన తొందర. పక్క చేను వాళ్ళదీ అదే తొందర, ఇద్దరూ కలిసి ఒకే రిగ్గు మాట్లాడుకున్నారు.

హిందూపురంలో ఉద్యోగం చేసుకుంటున్న నన్ను ఫోన్ చేసి పిలిపించాడు. "నీ చేత్తో టెంకాయ కొడితే నీళ్ళు పడతాయమ్మా" అన్నాడు. ఎండిపోయిన బోరుకు కొట్టిందీ ఈ చెయ్యే అని చెప్పాలనిపించింది గానీ బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి రిగ్గు లారీ చేను మధ్యలో ఉంది. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిస్తే అది అక్కడే లేచి నిలబడిందట. ఆ చోట పసుపు చల్లి ఉంచారు. అమ్మ గెనిమ మీద, అంటే చేను గట్టు మీద, పైపులైను గుర్తురాయికి కుంకుమ పెడుతోంది. ఏటా విత్తనం వేసేముందు ఆ రాయికి మొక్కడం మా ఇంట్లో అలవాటైపోయింది. లైను వాళ్ళు వేసిన పసుపు రంగేదో, అమ్మ పూసిన పసుపేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

టెంకాయ అందుకుంటూ ఆ రాయిని చూశాను. నా చిన్నప్పుడు అది గట్టు మీద లేదు. చేను మధ్యలో ఉండేది. దాని మీద కూర్చునే నేను చెనిక్కాయలు వలుచుకుని తినేదాన్ని. అప్పట్లో ఆ చుట్టుపక్కల ట్రాక్టరు మాదొక్కటే. దానికి అడ్డం వస్తోందని నాయనే రాయిని పెకలించి గట్టు మీద పాతాడు.

"నాయనా, లైను గట్టు కింద లేదు. ఇక్కడే ఎక్కడో ఉంది."

"రాయి యాడుంటే లైను ఆడే ఉండాది. నువ్వు గమ్మునుండు."

ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే మరిచిపోయాడు. అన్నేళ్ళు మొక్కిన రాయిని అనుమానించడం ఆయన వల్ల కాలేదు. నాకు భయం ఎక్కువైంది అందుకే.

రిగ్గు ఇంజను మొదలైంది. పెట్రోలు పోయే ఆ పైపు నడుము లోతులోనే ఉంటుందని విన్నాను. పరుగెత్తి రాయి మీది పసుపును గోళ్ళతో గీకాను. కింద లైను వాళ్ళ ఫోన్ నంబరు బయటపడింది. మొదట తప్పు నొక్కి, మళ్ళీ నొక్కాను. "ఆపండి, వస్తున్నాం" అన్నాడు అవతలి మనిషి. వెనక్కి వచ్చి పసుపు చల్లిన చోటే చతికిలబడ్డాను.

"లెయ్యమ్మే ఆడనుంచి! అందరూ చూస్తాండారు." నాయన చెయ్యి పట్టి లాగాడు. నేను లేవలేదు. రిగ్గు వాళ్ళు విసుక్కుని లారీని పక్క చేనికి తిప్పుకున్నారు.

లైను మనిషి మోటారు సైకిలు మీద వచ్చాడు. చేతి యంత్రంతో గట్టు పొడవునా నడిచాడు. అది పలకలేదు. చేనులోకి దిగి నా దగ్గరికి వచ్చాడు. నేను కూర్చున్న చోట అది కూతపెట్టింది. ఎంతకీ ఆపలేదు.

నాయన నన్ను చూడలేదు. పక్క చేను గట్టు మీది గుర్తురాయినే చూస్తున్నాడు.

"అది గూడా నేనే మార్చినానమ్మా. మన ట్రాక్టరే కదా ఆడా దున్నింది."

పక్క చేనులో ఇంజను మోత లేచింది. మోకాళ్ళ నొప్పులని మిద్దె కూడా ఎక్కని మనిషి, భుజం మీది తుండు జారిపోయినా చూసుకోకుండా పరుగెత్తాడు. "ఆపండప్పా!" అని అరుస్తున్నాడు గానీ ఆ మోతలో ఎవరికి వినిపిస్తుంది? పోయి రిగ్గు కింద కూర్చున్నాడు. నేనూ లైను మనిషీ వెనకే పరుగెత్తాం.

మేం చేరేసరికి ఇంజను ఆగి ఉంది. నాయన రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చునే ఉన్నాడు.

"ఇంకా ఎవరెవరి చేన్లలో మార్చావు?" అని లైను మనిషి అడిగాడు.

నాయన ధర్మవరం వైపు, లైను పోయే చేన్ల వెంబడి చూశాడు.

"గ్యాపకం లేదప్పా" అన్నాడు.