ఒడ్డు ఊడ్చి తీసిన ఫోటోలు

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ తలుపు కొంచెం వేయండి. గాలికి అది కిర్రుమంటే ఈ కథ మధ్యలో నేనే లేచి పరుగెత్తుతాను. ఇది నవ్వుల కథే, కానీ నవ్వు చివర్న వస్తుంది. అది వచ్చేదాకా నా వీపు వెనక ఎవరైనా నిలబడ్డారేమో మీరే చూస్తూ ఉండండి. నాకు చదువు అంతంతమాత్రం. జ్ఞాపకం మాత్రం మూత బిగిసిన పచ్చడి జాడీ, లోపలిది పాడైపోదు. ఒక్క కెమెరాతో ఊరు ఊరంతటికీ చలిజ్వరం తెప్పించిన కోడలిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఇప్పుడు తీరిగ్గా చూసుకోండి.

మైసూరు రాష్ట్రం పోయి కర్ణాటక అని పేరు వచ్చి కొన్నేళ్లయినా మా అత్త రత్నమ్మ ఇంకా పాత పేరే పలికేది. ఆ రోజుల్లో మా ఊరి పక్కన డ్యాం లేచింది. పొలాలు మునిగాయి, పాత ఊరు మునిగింది, మా క్రైస్తవుల సమాధుల తోట కూడా మునిగింది. బతికినవాళ్లం గట్టు మీదికి జరిగాం. చచ్చినవాళ్లను ఎవరు జరుపుతారు? వానాకాలమంతా మా మామ నీళ్ల కిందే. ఎండలు ముదిరి నీళ్లు దిగితే సిలువలు ఒక్కొక్కటిగా తలలెత్తేవి. ఈస్టర్ నాటికి మామ సమాధి బురద కారుతూ బయటపడేది. ఆ తెల్లవారుజామున అందరం మోంబత్తీలు, అదే కొవ్వొత్తులు, పట్టుకొని వెళ్లి, ఎవరి పెద్దల సమాధి మీద వాళ్లం వెలిగించి పాట పాడేవాళ్లం. మా అత్త మిగతా ఏడాదంతా ఆ ఒక్క పొద్దు కోసమే బతికేది.

అప్పుడే కొత్తగా ప్లాస్టిక్ కవర్లు దిగాయి. వాగు ఒడ్డున జరిగే వారపు సంతలో బెల్లం కవర్లోనే, కారం కవర్లోనే, చివరికి కోడిపిల్ల కూడా కవర్లోనే. సంత అయిపోగానే కవర్లన్నీ వాగులో పడి, వాగుతో పాటు డ్యాంలోకి వచ్చి, నీళ్లు దిగినప్పుడు మా సిలువలకు తగులుకొని ఆగేవి. ఆ ఏడు చర్చి పెద్ద యోహానయ్య చూసి వచ్చి చెప్పేశాడు.

"గా గలీజుల దేవుని పాట పాడలేమమ్మా. ఈసారి ఈస్టర్ ప్రార్థన చర్చిలనే."

మా అత్త ఆ పూట అన్నం ముట్టలేదు. "నీళ్లు దిగితేనే నాకు ఆయన కనబడేది. ఈ ఏడు పోతే వచ్చే ఏడు నీళ్లు దిగుతయో లేదో, నేనుంటనో లేదో," అంది.

మా మరిది ప్రకాశం బీదర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పని చేసేవాడు. వాడొక ఉపాయం చెప్పాడు. సంత నడిపే పటేల్‌ను చర్చికి పిలవాలి. ఒడ్డు ఎంత పాడైందో ఫోటోలు తీసి ముందు పెట్టాలి. పటేల్ సిగ్గుపడి కవర్లు ఆపిస్తాడు, ఊరంతా కలిసి ఒడ్డు బాగు చేస్తుంది, అమ్మ మోంబత్తి వెలిగిస్తుంది. ఉపాయం బంగారం. కానీ స్టూడియో నుంచి డబ్బా కెమెరా తెచ్చిన రోజే ప్రకాశానికి కామెర్లు తగిలాయి. మా ఆయనేమో లారీ మీద మన్నాఏఖేళ్ళి దాటి ఎక్కడో ఉన్నాడు.

"వదినె, నువ్వే పో," అన్నాడు ప్రకాశం, పసుపు ముద్దలాంటి కళ్లతో. "బొందల మీద ఏమున్నదో గదే తియ్యి. నీ సొంత తెలివి మాత్రం పెట్టకు."

"నా తెలివికేమైందిరా?"

"ఏం కాలె. గందుకే ఇంట్ల పెట్టి పో అంటున్న."

నేను చిమ్కోడ్ ఊరి పిల్లను, ఎవరికీ భయపడేదాన్ని కాదు. తలకు ఎండ తగలకుండా తాడు మీద ఆరేసిన అత్త తెల్లచీర కప్పుకొని, కెమెరా చంకన పెట్టుకొని బయల్దేరాను. ఆ చీరకు ఒకచోట చిరుగు పడితే, తెల్లదారం లేక నేనే నల్లదారంతో కుట్టాను. కుట్టినందుకు అత్త తిట్టిన తిట్లు ఇప్పటికీ నాకు వరసగా వచ్చు.

ఒడ్డుకు చేరేసరికి పొద్దు పొడిచింది గానీ నీళ్ల మీద తెల్లటి ఆవిరి ఇంకా విడలేదు. ఎక్కడా మనిషి లేడు. ఒక్క పిట్ట అరవడం లేదు. మునిగి చచ్చిన చెట్లు కొమ్మలు చాపుకొని నడుంలోతు నీళ్లలో నిలబడ్డాయి. బటన్ ఎలా నొక్కాలో చూద్దామని ముందు ఆ నీళ్ల వైపే ఒకటి నొక్కాను. తర్వాత సమాధుల వైపు తిరిగాను. ప్రతి సిలువకూ ఒక కవర్ ముసుగు. గాలి వస్తే అవి ఉబ్బేవి, ఆగితే లోపలికి పీల్చుకునేవి. ఉబ్బడం, పీల్చుకోవడం, ఉబ్బడం. పడుకున్నవాళ్లు ఊపిరి తీస్తున్నట్టే ఉంది.

"మామయ్యా, నేను శాంతను. మీ పెద్దకోడలిని," అని గట్టిగా చెప్పుకున్నాను. సరసరమని ఏదో బదులు వచ్చింది. కవరే. కాలికి చల్లగా ఏదో చుట్టుకుంది. అదీ కవరే. కవరని తెలిసినా కాలు తెలుసుకోదు కదా!

మామ సమాధి ముందు కెమెరా ఎత్తాను. చెయ్యి రాలేదు. మీరే చెప్పండి, ఫోటో అంటే ఆ రోజుల్లో మాటలా? మొహానికి పౌడర్, తలకు నూనె, బిడ్డ ముక్కు తుడిచి గాని ఫోటోకు నిలబడేవాళ్లం కాదు. అలాంటిది మామగారిని ఈ చెత్తలో ఫోటో తీసి పటేల్ ముందు పెడితే? "కోడలుండి ఏం లాభం, సమాధి ఊడ్వదు" అనరూ? చెత్తను చూపించడానికే వచ్చానన్న సంగతి నా బుర్రలోంచి జారి డ్యాంలో పడింది.

అంతే, కొంగు బిగించాను. మామ సమాధి మీది కవర్లన్నీ ఏరి, నెత్తిమీది తెల్లచీరలో వేసి మూట కట్టి, ఒక ఎండుకట్టెకు తగిలించి, ఆ కట్టెను సమాధి వెనక బురదలో గుచ్చాను. రాయి కడిగాను. నాలుగు జిల్లేడు పూలు పెట్టాను. అప్పుడు ఫోటో తీశాను. మామగారొక్కరికే చేసి పక్కవాళ్లను వదిలేస్తే వాళ్లేమనుకుంటారు? అందుకని కట్టె పీకి పక్క సమాధి వెనక గుచ్చి, అక్కడి కవర్లూ మూటలో కుక్కి, రాయి కడిగి, మళ్లీ ఫోటో. అలా వరసంతా నడిచాను. కెమెరా అద్దంలో సిలువ అగ్గిపుల్లంత కనిపించేది, దాని వెనక ఏముందో ఎవరు చూడొచ్చారు?

కానీ చేస్తున్నంతసేపూ ఎవరో నన్నే చూస్తున్నట్టు ఉంది. తల తిప్పితే ఎవరూ లేరు. వంగితే ఉన్నారు. చివరి ఫోటో నొక్కగానే నా వెనక బట్ట రెపరెపలాడిన చప్పుడైంది. మూట, చీర, చెప్పులు అన్నీ అక్కడే వదిలేశాను. కెమెరా ఒక్కటి పట్టుకొని గట్టెక్కే వరకు ఆగలేదు. ఇంట్లో అత్త, "నా తెల్లచీర ఏదే?" అంటే, నాకేం తెలుసన్నట్టు చింతపండు పిసుకుతూ కూర్చున్నాను. మళ్లీ ఆ ఒడ్డుకు వెళ్లి తెచ్చే ధైర్యం ఎక్కడిది?

ప్రకాశం కాస్త తేరుకొని బీదర్ వెళ్లి ఫోటోలు కడిగించి, స్టూడియో వాళ్లిచ్చిన కాగితం సంచి విప్పి చూసుకునే తీరిక కూడా లేకుండా నేరుగా చర్చికి వచ్చాడు. పటేల్ అప్పటికే బెంచీ నిండా కూర్చున్నాడు. యోహానయ్య ఫోటోలు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పరిచాడు.

"ప్రకాశం, చెత్తేదిరా?"

"బాగ చూడుండ్లి, మామా."

"చూస్తనే ఉన్న. బిల్కుల్ సాఫ్ ఉన్నది. పూలు గుడ పెట్టిండ్లు."

పటేల్ పొట్ట ఊగేలా నవ్వాడు. "గింత సాఫ్ జాగ కోసమా నన్ను పరేషాన్ జేసిండ్లు? మా ఇంటి ముంగట గుడ గిట్ల లేదు గద!"

ప్రకాశం నా వైపు చూశాడు. వాడి కామెర్లు నా మొహానికి ఎక్కాయి. మా అత్త మోంబత్తి కళ్ల ముందే ఆరిపోతోంది. దాన్ని ఊదేసింది నేనే.

అప్పుడే యోహానయ్య వేలు ఒక ఫోటో మీద ఆగింది. "గీడ వెనక నిలబడ్డదెవలు?"

అందరూ వంగారు. మా మామ సిలువ వెనక చిన్నగా, తెల్లగా ఏదో ఉంది. రెండో ఫోటోలో కొంచెం పెద్దగా ఉంది. ఆ తర్వాతి దానిలో దానికి భుజాలు వచ్చాయి. ఒక్కో సమాధి దాటుతూ, ఒక్కో ఫోటోకూ పెరుగుతూ మా వైపే వస్తోంది. చివరి ఫోటోలో తెల్ల ముసుగేసుకొని, మెడ పక్కకు వాల్చి, సిలువకు మించి నిలబడింది. ముసుగు మధ్యలో నల్లగా, వంకరగా నోరు.

పటేల్ బెంచీ మీంచి లేచి వెనక్కి జరిగాడు.

"మూట సంగతి నీకు తట్టలేదా?" అంటారు మీరు. తట్టలేదండీ! మూటంటే మూటలా ఉండాలి. భుజాలూ మెడా ఉన్నదాన్ని మూట అని ఎలా అనుకుంటాను? నేను కుట్టిన కుట్టును చూసి నేనే "నోరు! నోరు!" అని అందరికంటే ముందు కేక పెట్టాను.

"ఇగ ఆడికి పోవుడే లేదు," అన్నాడు యోహానయ్య గోడకు ఆనుకొని. "ఈస్టర్‌కు కాదు, ఎన్నటికీ లేదు."

అప్పుడు మా అత్త లేచింది. చివరి ఫోటోను వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. పెదవి కొంచెం అదిరింది, ఏడుపేమో అనుకున్నాను.

"మా ఆయనే," అంది. "మొకం మీద పన్నీ కవర్ కప్పితే నువ్వు పండుకుంటవా, పటేలా? ఊపిరాడక లేచిండు. మీ నాయన గుడ ఆ నీళ్లకాన్నే ఉన్నడు గద. రేపు ఆయన లేస్తడు. నీ ఇంటికే వస్తడు, ఈడికి రాడు."

పటేల్ కండువాతో మెడ తుడుచుకున్నాడు. "రత్నమ్మక్కా, సంతల ఇగ కవర్ కనబడదు. ఆకులు, కాయిదాలే. నా మాట."

"మాట ఈడ గాదు. ఈస్టర్ పొద్దున ఆయన ముంగట చెప్పు. అందరు రావాలె. రానోని ఇంటికి ఆయనే పోతడు."

ఇక రాకుండా ఎవరుంటారు? ఆ ఈస్టర్‌కు నడవలేని ముసలివాళ్లు కూడా వచ్చారు. ఇళ్లలో ఒంటరిగా ఉండే ధైర్యం లేక! ఒకరి కొంగు ఒకరు పట్టుకొని దిగాం. పాట మొదలుపెడితే స్వరాలన్నీ చలికి వణికే కుక్కపిల్లల్లా వచ్చాయి. తూర్పు తెల్లబడుతోంది. ఆవిరి కొంచెం విడింది.

అది అక్కడే నిలబడి ఉంది.

మోంబత్తీలు గజగజలాడాయి. పటేల్ యోహానయ్య వెనక్కి, యోహానయ్య నా వెనక్కి జరిగారు. మా అత్త మాత్రం చెప్పులు విడిచి, బురదలో టపటపమంటూ నేరుగా దాని ముందుకు వెళ్లి నిలబడింది. పటేల్ దూరం నుంచే గొంతెత్తి, "సంతల కవర్ కనబడదు, కనబడదు," అని ఒట్టేశాడు. అత్త తల ఊపి, ఆ మెడ మీద చెయ్యి వేసి, ముడి లాగింది.

ఫట్‌మని అది పగిలింది! లోపలి కవర్లన్నీ గాలికి తెల్లగా లేచి మా మీదికి వచ్చాయి. ఎవరు అరిచారో, ఎవరు పడ్డారో, ప్రార్థన ఎవరిదో, తిట్టు ఎవరిదో తెలియలేదు. పటేల్ మొహానికి ఒక కవర్ అతుక్కుంటే ఆయన "నాయనా! నాయనా!" అంటూ బురదలో కూలబడ్డాడు. అత్త చీర దులిపి, మడిచి, చంకన పెట్టుకుంది.

"నా చీర. దొరికింది."

"అక్కా, గిదంత మూటనా? అయితే నా మాట వాపస్!" అన్నాడు పటేల్.

"తీస్కో. ఆయనకు చెప్పి తీస్కో," అని అత్త మా మామ సమాధి వైపు వేలు చూపించింది. పటేల్ ఆ రాయిని చూశాడు, దాని వెనక పొగలు కక్కే నీళ్లను చూశాడు. వంగి, కాళ్ల దగ్గరి కవర్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన్ను చూసి అందరూ ఏరడం మొదలుపెట్టారు. నేనైతే పొద్దెక్కే వరకు కవర్ల వెంట కోళ్లను తరిమినట్టు తిరిగాను. మా అత్త మోంబత్తి నిశ్చింతగా వెలిగింది.

ఇంటికి వస్తూ అడిగాను. "అత్తమ్మా, నీకు ముందే ఎర్కనా?"

"తెల్లచీరకు నల్లదారం కుట్టేది ఈ జిల్లాల ఒక్కతే ఉన్నదే."

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ మా అత్త ఒక్క ఫోటోను ఎవరికీ ఇవ్వకుండా తన ట్రంకుపెట్టెలో దాచుకుంది. బటన్ చూద్దామని నీళ్ల వైపు నొక్కిన మొదటిది. అందులో ఆవిరి, ఎండు చెట్లు, వాటి మధ్య తెల్లగా, నిటారుగా ఒకటి. అప్పటికి మూట కట్టలేదు. చీర నా తల మీదే ఉంది. ఆ మాట చెబితే అత్త ఫోటోను చూసి, బట్టల కింద పెట్టేసింది.

"మీ మామ గంతే, పెండ్లిల గుడ. ఫోటో అనంగనే అందరికంటే ముందుగాల వచ్చి నిలబడేటోడు."

అదీ కవరే అయ్యుంటుంది లెండి. అలాగే అనుకుందాం. అందుకే సిలువ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఎవరైనా ఫోటో తియ్యమంటే ఊడ్వను, తుడవను, పూలు పెట్టను, ఉన్నది ఉన్నట్టే తీస్తాను. ఇంకా చెప్పాలంటే కెమెరానే ముట్టను. నల్లదారం మాత్రం ఇంట్లో ఇప్పటికీ ఉంది, దాన్ని వదులుకోలేదు.

ఇంతసేపు నా మాట విన్న మీ ఇంట్లో దీపం గాలికి ఆరకుండా ఉండాలి. మీ పెద్దలు ఎక్కడున్నా హాయిగా పడుకోవాలి. మీ కోడళ్లకు తెల్లదారం ఎప్పుడూ తక్కువ కాకూడదు.