ఒక్కపొయ్యి సంఘం

నల్లగొండలో గుట్ట కింద, పెంకులు జారిన ఒక కిరాయి ఇంట్లో ఏడుగురు కాలేజీ విద్యార్థులు ఉండేవారు. వాళ్లకొక సంఘం ఉండేది. దానికి బోర్డు లేదు, రసీదు పుస్తకం లేదు, రబ్బరు స్టాంపు లేదు. పేరు మాత్రం ఉంది. ఒక్కపొయ్యి సంఘం.

కొల్లాపూర్ నేతపనివాళ్ల ఇంటి నుంచి వచ్చిన వెంకటరాజం 1959లో అందులో చేరాడు. నల్లగొండలో మేనమామ ఉన్నాడన్న ధైర్యంతో తండ్రి అతన్ని అంత దూరం పంపాడు. మేనమామ ఇంట్లో రెండు మగ్గాలు పోను మిగిలిన జాగాలో ఆరుగురు పడుకునేవారు. వారం తిరగకముందే ఆయన మేనల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చి ఆ కిరాయి ఇంట్లో వదిలిపెట్టాడు.

మొదటి పూటే రఘుపతి అతనికి సంఘం పుట్టుక చెప్పాడు. రఘుపతి అందరికంటే పెద్దవాడు. ఒకసారి పరీక్ష తప్పాడు, ఇంకోసారి తప్పబోతున్నాడు. సంఘం పెట్టింది అతనే.

"మొదట్ల ఈ ఇంట్ల అయిదు పొయ్యిలుండె తమ్మీ. ఎవని కులానికి వాని పొయ్యి, ఎవని గంజు వానికి. పొగకు కండ్లు మండి ఒక్కడు సదివినోడు లేడు. ఓ ముసురుల ఇల్లంత కురిసి నాలుగు పొయ్యిలు నానిపొయినయి. అయిదోది నాది. ఆకలికి కులం యాదికొస్తదా? అందరం దాని మీదనే జొన్న గటక వండుకొని ఒక్క వరుసల కూసొని తిన్నం. తెల్లారి నానిన పొయ్యిలు నేనే పలగ్గొట్టిన."

"ఎవలు తిట్టలేదా అన్నా?"

"మా నాయిన ఆర్నెల్లు మాట్లాడలే. బువ్వ మాత్రం పంపిండు."

సంఘానికి ఇంకో నియమం ఉండేది. అది కూడా అనుభవం మీద పుట్టిందే. మొదటి సంవత్సరం పరీక్ష ఫీజుకు చివరి తేదీ ఎప్పుడో ఒకడికి తెలిసి కూడా మాటల్లో పడి చెప్పడం మరిచాడు. పక్కవాడికి ఒక సంవత్సరం పోయింది. అప్పటి నుంచి పొద్దుగూకి అందరూ వరుసలో కూర్చున్నాక, వడ్డించేవాడు గంటె పట్టుకుని ఒక్కొక్కరినీ అడిగేవాడు.

"ఏం తెలిసింది?"

ఆ రోజు తెలిసింది చెప్పాకే ముద్ద ముట్టాలి. పాఠం కావచ్చు, నోటీసు కావచ్చు, ఎక్కడో ఖాళీ పడిందన్న కబురు కావచ్చు. ఏమీ లేకపోతే "ఇయ్యాల ఏం తెల్వలే" అనాలి. తెలిసి దాచడం మాత్రం లేదు. దాచినవాడికి ఏ శిక్షా రాసిపెట్టలేదు, ఎవరూ దాస్తారని అనుకోలేదు కాబట్టి.

కేతేపల్లి కాటమయ్య వంతు వచ్చిందంటే వరుసంతా నవ్వు మొదలయ్యేది.

"రఘుపతన్న ఈసారి గూడ పాస్ గాడని తెలిసింది."

"అది నిన్న గూడ చెప్పినవ్ కదరా!"

"నిన్న అనుమానం. ఇయ్యాల సారే అన్నడు."

కాటమయ్య పన్నెండేళ్ల దాకా గొడ్లు కాశాడు. అందుకే తోటివాళ్లకంటే మూడేళ్లు పెద్ద. రసాయనశాస్త్రం అతనికి నోటికి వచ్చేది. వెంకటరాజానికి అది ఎంతకీ తలకెక్కేది కాదు. తన చదువు పక్కన పెట్టి, సుద్దముక్కతో నేల మీద సమీకరణాలు రాసి కాటమయ్య అతని చేత లెక్కలు చేయించేవాడు. పి.యు.సి. గట్టెక్కి ఇద్దరూ బి.ఎస్సీ.లో చేరారు.

వెంకటరాజానికి చదువుకు రాకముందే పెళ్లయింది. 1961 వానకాలంలో అతని భార్య రాజమణి మేనమామ ఇంట్లోనే ఆడపిల్లను కన్నది. పిల్ల పిడికెడంత ఉంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. కబురు తెలిసి కాటమయ్య తన గొంగడి తెచ్చాడు. పిల్లను అందులో చుట్టి ఎదకు ఆనించుకుని, వానలో దవాఖాన దాకా నడిచాడు. వెనకే వెంకటరాజం నడిచాడు. పిల్ల బతికింది. యాదలక్ష్మి అని పేరు పెట్టారు.

ఆ రోజు నుంచి వెంకటరాజానికి భయం పట్టుకుంది. పిల్ల దగ్గితే భయం, దగ్గకపోతే భయం. పాఠం వింటూ పిల్ల బరువు లెక్కగట్టేవాడు. మేనమామ ఇంట్లో దూదిపోగుల దుమ్ము పిల్లకు పడదని డాక్టరు చెప్పాడు. వేరే ఇల్లు తీసుకోవాలంటే ఉద్యోగం కావాలి.

1962 జనవరిలో పత్రిక చూసే వంతు అతనికి వచ్చింది. వంతు ఉన్నవాడు గ్రంథాలయానికి పోయి, పనికొచ్చే ప్రకటనలన్నీ కాగితం మీద రాసుకొచ్చి అన్నాల వేళ చదవాలి. మిగతావాళ్లు పత్రిక ముట్టే పని లేదు. అంత నమ్మకం.

మూడో రోజు ఆ ప్రకటన కనిపించింది. సాగర్ డ్యామ్ దగ్గర సిమెంటు, మట్టి పరీక్షించే ప్రయోగశాలలో సహాయకుడు కావాలి. ఒకటే ఉద్యోగం. పి.యు.సి. సైన్సు చాలు, మార్కులను బట్టి తీసుకుంటారు. ఉండటానికి క్వార్టరు ఇస్తారు. దరఖాస్తుకు నాలుగు రోజులే గడువు. ఇరవై అయిదేళ్లు దాటినవాళ్లు అనర్హులు.

ఆ ఇంట్లో సైన్సు చదివినవాళ్లు ఇద్దరే. మార్కుల్లో కాటమయ్య ముందు, తను వెనక. వెంకటరాజం ప్రకటన రాసుకున్నాడు. రాసిన కాగితం మడిచి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు. కాటమయ్యకు వచ్చే ఏడాది ఇంతకంటే మంచిది దొరుకుతుందని తనకు తాను చెప్పుకున్నాడు. దారి పొడుగునా చెప్పుకుంటూనే వచ్చాడు.

ఆ సాయంత్రం వడ్డించే వంతు కాటమయ్యది. జొన్న గటక, పచ్చిపులుసు. ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చి వెంకటరాజం ముందు ఆగాడు.

"ఏం తెలిసింది రాజం?"

"ఇయ్యాల ఏం తెల్వలే."

"పేపర్ల?"

"ఏం లేదు."

"బిడ్డ మంచిగుందా?"

"ఉన్నది."

"మరి గదే చెప్పరాదుర! బిడ్డ మంచిగున్నదని తెలిసింది అని. ఏం తెల్వలే అంటవేంది?" అని నవ్వి, అతనికి ఇంకో గంటె ఎక్కువ వేశాడు.

వెంకటరాజం తిన్నాడు. ఆ గంటెడు కూడా తిన్నాడు.

ఎవరికీ తెలియకుండా పెట్టిన దరఖాస్తుకు మార్చిలో ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. మేనమామకు తెలిసినవాళ్లెవరో చెప్పారని ఇంకో అబద్ధం ఆడాడు. సంఘమంతా సంబరపడింది. చదువు మధ్యలో మానుతున్నందుకు రఘుపతి కాసేపు తిట్టాడు, తర్వాత తనే లడ్డూలు తెచ్చాడు. కాటమయ్య వెంకటరాజం ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా వచ్చాడు.

"సిమెంటు మంచిగ పరీక్ష చెయ్యిరా. డ్యామ్ కూలితె మునిగేది మేమే," అన్నాడు.

క్వార్టరులో గాలి బాగుండేది. యాదలక్ష్మి దగ్గు తగ్గింది, బుగ్గలు వచ్చాయి. అందువల్లే వెంకటరాజం తన తప్పును తప్పని పూర్తిగా అనుకోలేకపోయాడు. పిల్ల ఆడుకుంటుంటే చూసి సంతోషించబోయేవాడు, అంతలో గటక గుర్తొచ్చేది.

1964లో రఘుపతి కార్డు రాశాడు. ఇల్లు కూలిందట, సంఘం చెదిరిందట. చివర రెండు వాక్యాలు: "కాటమయ్య డిగ్రీ మంచి మార్కులతో పాసైండు. వయసు దాటిందని ఏ కొలువుకూ తీసుకుంటలేరు, ఊర్లె యెవుసం జేస్తుండు."

వెంకటరాజం కార్డు పక్కన పెట్టి వేళ్ల మీద లెక్కపెట్టాడు. 1962 జనవరిలో కాటమయ్యకు ఇరవై నాలుగు నిండి ఎనిమిది నెలలు. గొడ్ల వెంట పోయిన మూడేళ్లను కలిపి చూసుకుంటే అదే అతనికి చివరి అవకాశం. ఆ వయసు షరతు తన చేత్తోనే కాగితం మీద రాసుకున్నాడు. పిల్ల బరువు తులాలతో సహా లెక్కగట్టినవాడు ఆ చిన్న కూడిక మాత్రం చేయలేదు.

అయినా మరో నాలుగేళ్లు కదల్లేదు. ఇంట్లో మాత్రం పాత అలవాటు నడిపించాడు. యాదలక్ష్మి బడికి పోవడం మొదలుపెట్టాక, అన్నం ముందు కూర్చోగానే అడిగేవాడు. పిల్ల ఉషారుగా చెప్పేది. చీమకు ఆరు కాళ్లని తెలిసింది, పంతులుకు కోపమెక్కువని తెలిసింది. ఒక రోజు చెప్పడం అయ్యాక చేయి కలపకుండా ఆగింది.

"నాయినా, నువ్వెన్నడు చెప్పవేంది? నీకేం తెల్వదా?"

రాజమణి పకపకా నవ్వింది. "అడుగు బిడ్డా, జర గట్టిగ అడుగు."

వెంకటరాజం పళ్లెం పక్కకు జరిపి లేచాడు. ఆ ఆదివారం కేతేపల్లి బస్సెక్కాడు.

కాటమయ్య దూరం నుంచే గుర్తుపట్టాడు. "సిమెంటు సారొచ్చిండు!" అని కేకేసి కావలించుకున్నాడు. పిల్లను అడిగాడు, రఘుపతన్నను తలుచుకున్నాడు. అతని భార్య ఉప్పలమ్మ ఇద్దరికీ గటక పెట్టి దొడ్లోకి పోయింది. వెంకటరాజం చేయి పెట్టబోతే కాటమయ్య మణికట్టు పట్టుకుని నవ్వాడు.

"ముట్టకు. నియమం మర్సినవా? ఏం తెలిసింది?"

వెంకటరాజం చెప్పాడు. ప్రకటన, జేబు, గడువు, వయసు షరతు, అన్నీ వరుసగా చెప్పాడు. పిల్ల సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే సాకవుతుందనిపించింది.

కాటమయ్య అతని మణికట్టు వదిలేశాడు. గటక మీద మీగడలా పొర కట్టింది.

"ఎన్నడు తెలిసింది?"

"ఆరేండ్లాయె."

"గా ముచ్చట గా పూటది. గా పూట నువ్వు తిన్నవ్. నేనే పెట్టిన." పళ్లెం అతని ముందుకు జరిపి, "ఇయ్యాల్టిది చెప్పు," అన్నాడు.

వెంకటరాజం తల ఎత్తలేక పక్కకు చూశాడు. వాకిలి పక్క మట్టిగోడ మీద సుద్దతో వరుసలు రాసి ఉన్నాయి. ఏ పరీక్షకు ఎప్పటి దాకా ఫీజు, ఎక్కడ ఖాళీలు, ఏ తేదీ లోపల దరఖాస్తు. వయసు అన్నచోట కింద రెండు గీతలు. చేతిరాత అదే. ఒకప్పుడు సమీకరణాలు రాసిన చేయి.

"నువ్వు గోడ మీద తేదీలు రాస్తున్నవని తెలిసింది," అన్నాడు.

"ఊరి పోరగాండ్లకు," అన్నాడు కాటమయ్య. "ఇగ తిను."

ఇద్దరూ తిన్నారు. ఉప్పలమ్మ వచ్చి గటకలో ఉప్పు తక్కువైందా అని అడిగింది. సరిపోయిందన్నారు. బస్సు దాకా కాటమయ్య రాలేదు. వాకిట్లోనే నిలబడి అన్నాడు.

"ఆడ ఖాళీలు పడితె కార్డు రాయి."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెంకటరాజం పత్రికలు ముందేసుకుని, కార్డు మీద చిన్న అక్షరాలతో ప్రకటనలు ఎక్కిస్తాడు. ఒక్కటి కూడా వదలడు. వయసు షరతు మొదటే రాస్తాడు. కింద ఒక వాక్యానికి చోటు మిగులుతుంది. అక్కడ కలం ఆనించి కాసేపు కూర్చుంటాడు. తర్వాత ఆ చోటు అలాగే వదిలి, కార్డు తీసుకుపోయి పోస్టు డబ్బాలో వేస్తాడు.

కేతేపల్లి నుంచి ఇంతవరకు జవాబు రాలేదు.