జర్మనీ చాకుతో గోడాదరా దాకా

వరంగల్ నుంచి సూరత్ పోవాలనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను. నేను ఊరు చూడటానికి పోలేదు, చాకు పందెం కోసం పోయాను. కాబట్టి ఇందులో కోటలూ గోపురాలూ ఉండవు. బండ్ల వేళలు, తిండి, బస్సులు ఉంటాయి. మిగతావి మీరు పోతే మీకే కనిపిస్తాయి.

చాకు సంగతి ఇది. మా నాయిన బొంబాయి మిల్లులో పనిచేసిన రోజుల్లో ఫుట్‌పాత్ మీద రెండు మడత చాకులు కొన్నాడు. ఒకటి జర్మనీది. రెండోది దాన్ని చూసి మనవాళ్లు చేసింది. పక్కపక్కన పెడితే కవల పిల్లలే. పెద్దదాన్నని జర్మనీది నాకిచ్చాడు, దేశీది తమ్ముడు రాజేశానికిచ్చాడు. గుర్తు తప్పకుండా నాదానికి నీలం దారం, వాడిదానికి ఎర్ర దారం కట్టాడు. చాకు మీద ఏదో ఇంగ్లీషు రాత ఉండేది. అప్పుడు నాకు చదువు రాదు. యాభై ఎనిమిదో ఏట పలక పట్టి, తెలుగు అయ్యాక ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్చుకునే వేళకు, సానపట్టి సానపట్టి ఆ రాత అరిగిపోయింది. ఇక జర్మనీ అనడానికి మా నాయిన మాటే సాక్ష్యం. నాకది చాలు.

రాజేశానికి చాలదు. వాడు ముప్పై ఐదేళ్ల కింద మగ్గాల పనికి సూరత్ పోయి అక్కడే ఉండిపోయాడు. ఊరి చివర సచిన్ అనే చోట ఒక షెడ్డులో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. ఇల్లు గోడాదరాలో. ఫోన్ చేసినప్పుడల్లా వానలు, మోకాళ్ల నొప్పులు అయిపోయాక మాట చాకుల మీదికే వచ్చేది. ఇనుముకు దేశం ఉండదంటాడు వాడు. జర్మనీ జర్మనీయే అంటాను నేను.

పోయిన నెల వాడి కొడుకు శ్రీనుకు ఆడపిల్ల పుట్టింది. మా ఇళ్లలో తొట్టెల నాడు పేరు పెట్టేది మేనత్త. శ్రీనుకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరు కనుక ఆ హక్కు నాదేనని, మా అమ్మ పేరు నర్సవ్వ పెడతానని అన్నాను. వాడు వేములవాడ రాజన్నకు మొక్కుకున్నాడట, రాజేశ్వరి అనే పెట్టాలట. నర్సవ్వ అంటే బళ్లో పిల్లలు నవ్వుతారన్నాడు. నవ్వితే పళ్లు కనపడతాయి, ఏం పోతుంది అన్నాను. వారం రోజులు ఫోన్లోనే కొట్లాడి చివరికి తేల్చుకున్నాం. రెండు చాకులకూ మూడు పరీక్షలు. ఎవరి చాకు గెలిస్తే వాళ్లు పేరు పెట్టాలి. నెల రోజులు ఎవరూ సానపట్టించకూడదు. పిల్ల తల్లినీ తండ్రినీ అడగాలని మాకు తట్టలేదు.

గురువారం పొద్దున చాకు సానపట్టించాను. వాడూ పట్టించి ఉంటాడు, నా తమ్ముడే కదా. సాయంత్రం ఏడు దాటాక వరంగల్‌లో అహ్మదాబాద్ బండి ఎక్కాను. స్లీపర్ టికెట్టు ఐదువందల చిల్లర. ముసలివాళ్లకు ఇదివరకు ఉన్న రాయితీ ఇప్పుడు లేదు, వయసు చెప్పి లాభం లేదు. జొన్నరొట్టె, ఉల్లికారం తిని పడుకున్నాను.

భుసావల్‌లో తెల్లవారింది. అక్కడ అరటిపండ్లు చవక, రుచి కూడా. అరటిపండుకు చాకు అక్కర్లేదు. అయినా తీసి ముక్కలు కోశాను. అనుకున్నట్టే ఎదురు సీటు ఖమ్మం పెద్దమనిషి ఏ దేశందని అడిగాడు. చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఇనుప సామానంటే కొరియాదే అన్నాడు. జేబులోంచి గోళ్లు తీసే కట్టర్ తీసి చూపించాడు. పదేళ్లయినా పదును తగ్గలేదట. ఆయన కాలి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది.

"వేలికేమైంది?" అన్నాను.

"పదును ఎక్కువమ్మా," అన్నాడు.

నందుర్బార్‌లో ఆయన టీ ఇప్పించాడు. మధ్యాహ్నం ఒకటిన్నరకు సూరత్. స్టేషన్ బయట చీరల మూటలు మోసేవాళ్ల మధ్య నుంచి బయటపడటమే సగం ప్రయాణం. రాజేశం మోటారు సైకిల్ తెచ్చాడు. నేను ఎక్కనన్నాను. ఆటోలో నేను, వెనక బండి మీద వాడు, అరగంటలో గోడాదరా చేరాం. సందుల్లో నడుస్తుంటే ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఒడియా, పై అంతస్తులో గుజరాతీ వినిపించాయి. వాడిది మేడ మీద రెండు గదుల ఇల్లు.

నీళ్లు తాగకముందే వాడు తన చాకు తీసి నేల మీద పెట్టాడు. నేనూ నాది పెట్టాను. మాలో చాకు చేతికివ్వరు, ఇస్తే పగ పుడుతుందంటారు. కింద పెడితే ఎదుటివాళ్లు తీసుకోవాలి. మా ఇద్దరికీ పగ కొత్తగా పుట్టే అవసరం లేదు గానీ, అలవాటు.

శ్రీను భార్య మమత పిల్లను ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. పుట్టింది పెరిగింది సూరత్‌లోనే. ఒక్క మాటలో మూడు భాషలు కలుపుతుంది. రాజేశాన్ని మామా అంటుంది, నన్ను పెద్దమ్మా అంటుంది.

"పెద్దమ్మా, బేబీ పేరు చాకుతోని డిసైడ్ చేస్తరా?" అన్నది.

ఔనన్నాం ఇద్దరం.

"అచ్ఛా," అని లోపలికి పోయింది.

శనివారం పొద్దున ఏడున్నరకు లోచో తిన్నాం. శనగపిండిని ఉడికించి, సరిగ్గా గడ్డకట్టకముందే నూనె, సేవ్ అనే సన్న కారప్పూస వేసి ఇస్తారు. పాడైపోయిన వంటకంలా ఉంటుంది, రెండో ప్లేటు అడగబుద్ధవుతుంది. ఎనిమిదికి సచిన్ బస్సు. నిలబడే పోవాలి, అందరూ డ్యూటీకి పోయేవాళ్లే. రాజేశం నన్ను కూర్చోబెట్టడానికి ఒకతన్ని లేపాడు. అక్క జర్మనీ నుంచి వచ్చిందని చెప్పాడట. లేచినతను దిగేదాకా నన్నే చూశాడు.

మొదటి పరీక్ష షెడ్డులో. మగ్గాల మోతలో మాట వినపడదు, అంతా చేతి సైగలే. పడుగు దారాలు ముడివేసి, ముడి పక్కన మిగిలిన కొసలు కోయాలి. పోగు లేవకుండా ఎవరిది కోస్తే వారిది గెలుపు. నాది ఒక్క దెబ్బకు కోసింది. వాడిది రెండోసారికి కోసింది. షెడ్డు వాళ్లు నా వైపు వేలెత్తారు. రాజేశం మాత్రం బస్సులో తిరిగి వస్తూ, వాళ్లు వేలెత్తింది చాయ్ తెమ్మనడానికి అన్నాడు. ఆ ఒకటి నాకే వేసుకున్నాను.

రెండో పరీక్షకు పెద్దమనిషిగా పక్కింటి మన్సుఖ్‌భాయ్‌ని పిలిచాం. హీరాలు, అంటే వజ్రాలు సానపట్టే పని ఆయనది. తెలుగు రాదు కనుక ఎవరి పక్షమూ కాదు. ఆయన భూతద్దం కంటికి బిగించి రెండు చాకులనూ చూశాడు. రాత జాడ ఏ దానికీ లేదన్నాడు. పందెం దేని మీదో రాజేశం హిందీలో చెబితే ఆయన నవ్వి, నన్ను అమ్మా అన్నట్టు బా అని పిలుస్తూ, నాకర్థమయ్యేలా నెమ్మదిగా హిందీలోనే చెప్పాడు.

"హీరాకు ఏ దేశం, బా? రాయి ఆఫ్రికాది, చేయి సూరత్‌ది, పెట్టుకునే వేలు అమెరికాది."

"చాకు గురించి చెప్పు," అన్నాను.

సాయంత్రం నాలుగింటికి చెరుకు గడ చెక్కాం. వాడి చాకు తొక్కను రిబ్బన్‌లా తీసింది. నాది సగంలో మడతపడి నా వేలు కోసింది. వేలు అంత లోతుగా తెగిందంటే పదును ఉన్నట్టే కదా, ఇది నా గెలుపే అన్నాను. మన్సుఖ్‌భాయ్ ఒప్పుకోలేదు. చెరో ఒకటి అయింది.

నేను వేలికి పసుపు అద్దుకుని, టీ తాగి వచ్చేసరికి ఆరు. చాకులు నేల మీద లేవు. వంటగదిలోంచి మమత ఒక స్టీలు పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది. రెండు చాకులూ తళతళలాడుతున్నాయి. చెరుకు జిగట, మగ్గాల నూనె, ఏళ్ల నాటి మురికి, ఏమీ లేవు. దారాలూ లేవు.

"దారాలేవే?" అన్నాడు రాజేశం.

"ఎంత గందాగా ఉన్నయి మామా, ఇప్పి కచ్రాల ఏసిన."

రాజేశం చెత్తబుట్ట బోర్లించాడు. ఉల్లిపొట్టులోంచి నీలం దారం ముక్క, ఎర్ర దారం ముక్క దొరికాయి. ఏ దారం ఏ చాకుదో దారాలు చెప్పవు కదా. మమతను అడిగితే, ఒక్కతీరుగున్నయి, నేను చూడలేదన్నది. పిల్ల ఏడ్చిందని లోపలికి పోయింది.

మన్సుఖ్‌భాయ్‌కి మాత్రం సంతోషమైంది. ఇప్పుడే అసలు పరీక్ష, ఎవరిదో తెలియకుండా జరగాలి అన్నాడు. హీరాలు పొట్లం కట్టే పల్చటి కాగితాన్ని రెండు వేళ్లతో గాలిలో పట్టుకుని ఒక చాకుతో గీశాడు. కాగితం రెండు ముక్కలై చప్పుడు లేకుండా కింద పడింది. రెండో చాకుతో గీశాడు. కాగితం నలిగి, సగం చిరిగి, చాకుకే చుట్టుకుంది. ఇంత తేడా ఉంటుందని మేమిద్దరం అనుకోలేదు. గెలిచినదాన్ని పళ్లెంలో పెట్టాడు.

ఇద్దరి చేతులూ దాని మీదే పడ్డాయి.

"నలభై ఏండ్లు నా చేతుల ఉన్నది. నాకు ఎరుక లేదా?" అన్నాను.

"నాకు మాత్రం లేదా అక్కా? పట్టుకుంటెనే తెలుస్తుంది, నాదే."

"అయితే ఆ ఓడింది ఎవరిది?"

"నీదే. జర్మనీ."

ఓడిన చాకు పళ్లెంలో ఒంటరిగా ఉంది. దాన్ని ఎవరూ తమదనలేదు. పొద్దున దాకా నాదీ మంచిదే, వాడిదీ మంచిదే. ఇప్పుడు ఒకటి పనికిమాలినదని తేలింది, దానికి దిక్కు లేదు. మన్సుఖ్‌భాయ్ ఇంకో టీ తాగి, తీర్పు అయిపోయిందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆదివారం పదకొండింటికి తొట్టెల. గోడాదరాలోని మనవాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. బగారన్నం, కోడికూర, పైన గుజరాతీ వాళ్లు తెచ్చిన ఘారీ మిఠాయి. పిల్లను తొట్టెలలో వేశారు. ఆడవాళ్లు పేరు చెప్పమని నా వైపు చూశారు. నేను రాజేశం వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. పందెం తేలకుండా వాడి ముందు నర్సవ్వ అనలేను. నా ముందు వాడు రాజేశ్వరి అనలేడు. అనవచ్చు గానీ, తర్వాత చచ్చేదాకా ఫోన్లో వినాలి. అలా ఒకరినొకరు చూసుకుంటూ ఉండగా మమత తొట్టెల మీద వంగి పిల్ల చెవిలో మూడుసార్లు చెప్పి, లేచి అందరికీ వినిపించేలా "హేత్వి" అన్నది. గుజరాతీలో హేత్ అంటే ప్రేమ అట. శ్రీను చప్పట్లు కొట్టాడు. అప్పుడర్థమైంది, శ్రీనుకు ఈ పేరు ముందే తెలుసు.

"తుమ్మినట్టున్నది," అన్నాను రాజేశంతో.

"అక్షింతలు ఎయ్యక్కా," అన్నాడు వాడు.

సోమవారం మధ్యాహ్నం నా బండి. ఇది వారానికోసారే నడుస్తుంది, పోయేవాళ్లు ముందే చూసుకోండి. బయలుదేరే ముందు రాజేశం గెలిచిన చాకును నా ముందు నేల మీద పెట్టాడు. ఆడబిడ్డ ఉత్త చేతులతో పోవద్దు, నా చాకు నీకిస్తున్నా అన్నాడు. నా చాకు నాకు ముట్టింది అని నేను తీసుకున్నాను. ఓడినది వాడి దగ్గరే ఉండిపోయింది. ఎవరూ ఓడలేదు.

ఆటో పిలవడానికి వాడు కిందికి పోయాడు. మమత పిల్లను ఎత్తుకుని, దారిలోకి థేప్లాలు, మెంతిరొట్టెల్లాంటివి, పొట్లం కట్టి తెచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది.

"పెద్దమ్మా, ఒక మాట. దారాలు ఇప్పింది నేనే గద. ఏది ఎవలదో నాకు ఎరుకే."

నేను పొట్లం సంచిలో సర్దుకున్నాను.

"మీరు అడిగితె ఇప్పుడే చెప్త. కాయితాల ఇంకా పేరు ఎక్కియ్యలేదు. మీది గెల్చి ఉంటె నర్సవ్వ అనే రాయిస్త, కసం, ఒట్టు. మామది గెల్చి ఉంటె రాజేశ్వరి. అడుగుతరా?"

కింద ఆటోవాడు హారన్ కొట్టాడు. పిల్ల నా వైపు చూసింది. మా అమ్మ ముక్కే. నోరు తెరిచి ఒక్క మాట అడిగితే అయిపోయేది. అందుకే కదా పగలూ రాత్రీ బండిలో కూర్చుని వచ్చింది.

"పిల్లకు ఎండ తగులుతది, లోపలికి పో," అన్నాను.

బండి గంట ఆలస్యం. ఉధ్నా దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. చాకుతో జామకాయ కోశాను. వెన్నలా తెగింది. పక్కనున్న నాగ్‌పూర్ ఆవిడ ఏ దేశందని అడిగింది. మా తమ్ముడింటిదని చెప్పాను.

చాకు ఏ దేశంలో చేస్తే మంచిదని నన్ను అడిగేవాళ్లకు నేనిప్పటికీ జర్మనీ అనే చెబుతాను. ఆ నమ్మకం గట్టిదే. పందెం కాసి వెయ్యి కిలోమీటర్లు పోయేంత గట్టిది. నిజం చెబుతానంటే నిలబడి వినేంత గట్టిది కాదు. సూరత్ పోయి తెలుసుకున్నది ఇదే. లోచో మాత్రం తప్పకుండా తినండి.

తర్వాత కిటికీ వైపు తిరిగి మనవరాలి పేరు మెల్లగా పలికాను. మొదట రాలేదు. నందుర్బార్ వచ్చేసరికి నోరు తిరిగింది.