బీరువా వెనక గోడ

అద్దె ఇల్లు చూడబోతే ఇంటికన్నా ముందు ఓనరే కంపరం పుట్టిస్తాడు. మనం నల్లా తిప్పి చూసే లోపే మనది ఏ కులమో, నీసు తింటామో లేదో, నెలకు ఎంతమంది చుట్టాలొస్తారో అన్నీ లాగేస్తాడు. ఆ పరీక్షలో పాసై లోపలికి పోతే చూపించేది ఏమిటంటే, బొద్దింకల కొంప.

ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు బదిలీ అయిన ఏడాది అలాంటివి చాలా చూశాను. ఒకచోట బాత్రూం జాలీ మీద ఎవరివో వెంట్రుకలు ఉండ కట్టి ఉంటే, ఓనరమ్మ దాన్ని కాలితో పక్కకు నెట్టి, "నీళ్లు మంచిగ పోతయి" అంది. ఇంకోచోట గ్యాస్ గట్టు కింద తలుపు తీసి తడిమితే చేతికి ఎలుక పెంటికలు తగిలాయి. ఇంటికొచ్చి సబ్బుతో ఎంత రుద్దుకున్నా ఆ పూట ఆ చేత్తో అన్నం తినబుద్ధి కాలేదు.

అయినా అవన్నీ కడిగితే పోయేవే. నాకు కావలసింది ఒక్కటే, చెమ్మ లేని గోడలు. నన్ను కన్న మా అవ్వ మగ్గాల ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచి సాంచాలనే మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టింది. ఆ నూలు దుమ్మంతా ఆమె ఛాతీలోనే చేరింది. వాకిలి ఊడిస్తే ఆయాసం, గట్టిగా నవ్వితే దగ్గు. "చెమ్మ ఇంట్లో ఉంచారంటే ఈమె ఊపిరితిత్తులు ఇక తట్టుకోవు" అని డాక్టరు నాతో ముఖం మీదే చెప్పాడు. అందుకే ఏ ఇంటికి పోయినా ముందు అరచేతులతో గోడలు తడిమేదాన్ని.

చొప్పదండి పోయే రోడ్డు వైపు ఒక ఇల్లు ఉందంటే అవ్వను తీసుకుని వెళ్లాను. పాతవాళ్లు ఇంకా ఖాళీ చేయలేదు. పక్క వాటాలో ఉండే ఓనరు తలుపైనా తట్టకుండా చెప్పులతోనే లోపలికి నడిచాడు. అన్నం తింటున్న ఆ ఇంటావిడ కంచం చాటుకు జరుపుకుని లేచి నిలబడింది. ఆయన ఆమె వైపు చూడనైనా చూడకుండా ఆమె మంచం మీద దుప్పటి ఎత్తి, గది ఎంత పెద్దదో మాకు చూపించాడు. నాకు ఒళ్లు మండింది కానీ, ఇల్లు కావాలి కదా, నోరు మూసుకున్నాను.

"సూడుండ్రి మేడం, వాస్తు ఫుల్లు. మీద ట్యాంకు నైరుతిల, కింద బీరువ నైరుతిల. గీ ఇంట్ల ఉన్నోళ్లందరు బాగుపడే పోయిండ్రు" అన్నాడు.

గోడలన్నీ తడిమాను. అన్నీ పొడిగానే ఉన్నాయి. నైరుతి మూల మాత్రం వాళ్ల బీరువా గోడకు అతుక్కుని ఉంది. దాన్ని జరిపి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. మా వైపు ఎవరికీ రాదు. నైరుతి మూల బీరువా అంటే దేవుడి అర్ర లాంటిది.

"అక్కా, సెమ్మ ఏమన్న వస్తదా?" అని ఆవిడను అడిగాను.

ఆవిడ ఓనరు ముఖం చూసింది. "మంచిగనే ఉంటది" అని, కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది.

అవ్వకైతే ఆ మూల తెగ నచ్చేసింది. "గిదే తీస్కో బిడ్డా" అంది.

మేం దిగేనాటికి ఆ గదిలో ఆ ఒక్క మూలకే తెల్లగా కొత్త సున్నం వేసి ఉంది. ఇదేందని అడిగితే, "లచ్చిమి ఉండే జాగ గద మేడం" అన్నాడు, సిగ్గులేకుండా. నేల మీద పాత బీరువా కాళ్ల తుప్పు మచ్చలు నాలుగు మిగిలాయి. అవ్వ మా బీరువాను సరిగ్గా ఆ మచ్చల మీదే పెట్టించింది. ప్రతి శుక్రవారం దానికి పసుపు కుంకుమ పెట్టి మొక్కేది. ఆమె మంచం కూడా దాని పక్కనే.

వానలు మొదలయ్యాక అవ్వకు దగ్గు ఆగలేదు. చెమ్మ ఎక్కడుందోనని వంటిల్లు వెతికాను, బాత్రూం వెతికాను, పరుపు ఎండలో వేశాను. బీరువా జరుపుదామంటే, "వద్దు బిడ్డా, నైరుతిల బరువు కదిపితే ఇల్లే కదుల్తది" అని చెయ్యి పట్టుకుంది. చివరికి ఒకరోజు ఊపిరాడక ఆమెను దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. ఆమె చీరల కోసం ఇంటికొచ్చి బీరువా తెరిస్తే గుప్పున వాసన కొట్టింది, తడిసిన కుక్క పక్కన కూర్చున్నట్టు. ఇంక ఆగలేకపోయాను. భుజం పెట్టి నెట్టాను.

గోడ నల్లగా ఉంది. కింది నుంచి నా తల ఎత్తు దాకా బూజు దట్టంగా, జిగటగా పట్టింది. సున్నం పెచ్చులు ఉబ్బి, వాటి సందుల్లోంచి సన్నని తెల్ల పురుగులు రాలుతున్నాయి. బీరువా వీపు తుప్పు పట్టి, చేత్తో ముడితే పొడిపొడిగా ఊడొచ్చింది. వాకిట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. ఇన్నాళ్లూ మా అవ్వ తల పెట్టుకుని పడుకున్నది దీని పక్కన.

పైకెక్కి చూస్తే ట్యాంకు సరిగ్గా ఆ మూల మీదే ఉంది. పొద్దున్నే మోటారు వేసి ఓనరు మరిచిపోతాడు. పొంగిన నీళ్లన్నీ ఆ గోడలోకే దిగుతాయి. ఆయనను పిలిచి చూపిస్తే, పళ్లు కుట్టుకుంటూ నిలబడి, "వానకాలం ఏ ఇంట్ల రాదు మేడం? బీరువ దాని జాగల ఉంటే కనవడకపోయేది గద" అన్నాడు. ఆ మనిషి మీద ఎంత అసహ్యం వేసిందో, మంచిగనే ఉంటదన్న ఆ పాత ఇంటావిడ మీద అంతకన్నా ఎక్కువ వేసింది.

దవాఖాన నుంచి వచ్చాక అవ్వకు ఆ గోడ చూపించాను. వేలితో గీకి, ఆ వేలు వాసన చూసుకుంది. "దీనికేనా బిడ్డా నేను మొక్కింది" అంది.

మళ్లీ ఇళ్ల వేట. ఈసారి పోయిన ప్రతి ఇంట్లో బీరువా జరపమన్నాను. ఒకాయనైతే, "సామాన్లు సదర వచ్చినవా, ఇల్లు సూడ వచ్చినవా?" అని గేటు దాకా సాగనంపాడు. ఆఖరికి వీధిపోటు ఉందని ఎవరూ దిగని ఒక ఖాళీ ఇల్లు దొరికింది. అవ్వ ఏమంటుందోనని భయపడుతూ చెప్పాను. "గోడలు ఎండి ఉన్నయా?" అని మాత్రం అడిగింది.

మేం ఖాళీ చేసే ముందు ఓనరు కొత్తవాళ్లను తెచ్చాడు. వాళ్లను వాకిట్లో నిలబెట్టి ముందు తానే లోపలికొచ్చి, గది నడుమ ఉన్న బీరువాను భుజంతో నెట్టి మళ్లీ ఆ తుప్పు మచ్చల మీదికి చేర్చాడు. అప్పుడు పిలిచాడు. కొత్తగా పెళ్లైన జంట. ఆ పిల్లకు నెలలు నిండుతున్నట్టున్నాయి, నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా నడుస్తోంది. ఆయన ట్యాంకు, నైరుతి అని మొదలుపెట్టాడు. నేను నోరు తెరవబోయే లోపే ఆ పిల్ల మంచం మీదున్న అవ్వ వైపు తిరిగింది.

"ఇల్లు మంచిగుంటదా అవ్వా?"

ఓనరు అవ్వ వైపు చూశాడు. అవ్వ ఆయన వైపు చూడలేదు. మంచం పట్టె పట్టుకుని లేచి, రెండడుగులు వేసి, ఆయాసంతో బీరువాను ఆనుకుని నిలబడింది.

"గిది నైరుతి మూల బిడ్డా. దీన్ని ఎవ్వలు జరుపరు" అని ఊపిరి తీసుకుని, రెండు చేతులూ బీరువాకు ఆనించింది. "నీ మొగన్ని ఇటు పట్టుమను. నువ్వు ముట్టకు."

నేను వెళ్లి రెండో పక్క పట్టుకున్నాను.