గేటు పడిన చప్పుడు

రత్నమాల గారు పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కాఫీ నోట పెట్టకముందే పెరట్లోకి వెళ్తారు. ఈతకొలను చుట్టూ ఉన్న ఇనుప కంచె గేటును బార్లా తీసి వదిలేస్తారు. స్ప్రింగు లాగితే అది దానంతటదే వచ్చి టక్కుమని గడియ పడాలి. ఆ చప్పుడు విన్నాకే "గోవిందా" అనుకుని లోపలికి వస్తారు.

"గేటుకి మొక్కుకున్నారా ఏంటండీ?" అని గోడమీంచి మేం నవ్వితే, "అవునమ్మా, ఆ మొక్కు ఇంకా తీరలేదు" అంటారు.

పంజాగుట్ట కూడలి వెనక మా సందులో పెరడున్న ఇల్లు అదొక్కటే మిగిలింది. తన మోకాళ్ల నొప్పులకు ఈత మంచిదని డాక్టరు చెబితే ఆవిడ కొడుకు ప్రమోద్ ఆ కొలను కట్టించుకున్నాడు. కట్టినవాళ్లే కంచె వేసి, పిల్లలకు అందనంత ఎత్తులో గడియ పెట్టి వెళ్లారు. రత్నమాల గారిది రాజమండ్రి వైపు. "గోదావరి మా పెరట్లోకే వచ్చింది" అని మురిసిపోయి, కార్తీకంలో దీపాలు వదులుకోమని సందులో ఆడవాళ్లందరినీ పిలిచారు. ఎవరి ప్రమిదలో నూనె తక్కువైనా ఆవిడే పోసేవారు.

కిందటేడు పౌర్ణమి సాయంత్రం, రెండు చేతులా దొప్పలు పట్టుకుని వస్తున్నవాళ్లకు గేటు వచ్చి మోచేతికి తగిలింది. దీపం కొండెక్కింది. అయ్యో అనుకుని రత్నమాల గారు పాత చీర అంచు చింపి, గేటును తెరిచిపెట్టి కంచెకు కట్టేశారు.

వాళ్లింట్లో పనిచేసే లచ్చమ్మ చూసింది. "అమ్మా, గా గేటు గట్ల కట్టకుండ్రి. మీ మన్మరాలు ఊకె ఉర్కుతుంటది."

"ఇంతమందిమి ఉన్నాం, ఏమవుతుందే? నీకన్నీ భయాలే. కార్తీకంలో గంగమ్మ ఎవర్నీ ఏమీ అనదు."

"గంగమ్మకేమెర్క, పిల్లెవరో పెద్దెవరో" అని గొణిగి, పెద్దావిడ మాటకు ఎదురు చెప్పలేక ఊరుకుంది లచ్చమ్మ.

అంతమందిమి ఉండటమే ముప్పయింది. ప్రతివాళ్లం పక్కవాళ్లు చూస్తున్నారులే అనుకున్నాం. కోడలు మంజూష ప్రసాదం తేవడానికి వెళ్తూ "అత్తయ్యా, సుమ జాగ్రత్త" అంది. ఆవిడ తల ఊపి, ఎవరి దీపమో వెలిగించడంలో పడ్డారు. రెండేళ్ల సుమశ్రీ నీళ్లమీది వెలుగును పట్టుకుందామనుకుందో ఏమో.

కేక లేదు. నీళ్ల చప్పుడైనా లేదు. దీపాలన్నీ నిలకడగా ఉంటే, ఒక్క మూల మాత్రం దొప్పలు ఊగుతున్నాయి. రత్నమాల గారి చూపు అటు పడింది. వాటి కింద పసుపు గౌను.

ఈత రాని మనిషి చీరతోనే దిగిపోయారు. రొమ్ముల లోతు నీళ్లలో తడుముకుంటూ పాపను పైకెత్తారు. పాప ఏడవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"తలకిందులుగా పట్టుకోండి!" అని మాలో ఎవరో అరిచారు.

"వద్దు! కింద పడుకోబెట్టండి!" అంది పక్కింటి రవళి. ఆ అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. పాప నోట్లోకి ఊపిరి ఊదుతూ, రొమ్ము నొక్కుతూ ఉంటే మా నోటికి దేవుడి పేరు కూడా రాలేదు. చివరికి పాప దగ్గింది. ఆ తర్వాత ఏడ్చింది. అంత తియ్యని ఏడుపు మేం ఎన్నడూ వినలేదు.

ఆస్పత్రి నుంచి పాపతో ఇంటికి రాగానే రత్నమాల గారు చీర అంచు ముడి విప్పబోయారు. తడికి బిగిసిపోతే పళ్లతో లాగారు. ప్రమోద్ నీళ్లన్నీ తోడించేశాడు. వానాకాలం మళ్లీ నింపింది. ఇప్పుడు పాప అల్లరి చేస్తే ఆవిడకు నిమ్మళం. ఇల్లు సద్దుమణిగితే మాత్రం చేతిలో పని వదిలేసి పరుగెత్తుతారు. స్నానాల గదిలో బకెట్టు కూడా నిండుగా ఉంచరు. "పడితే చప్పుడవుతుందనుకున్నానమ్మా" అంటారు.

మళ్లీ కార్తీకం దగ్గరికొచ్చింది. "మేం కాపలా ఉంటాం, ఒక్క సాయంత్రం గేటు తెరిచిపెట్టండి" అని సందులో ఇద్దరు అడిగారు. ఆవిడ చూద్దామన్నారు తప్ప కాదనలేదు. ఆవిడ నోట కాదనే మాట మేమెవరమూ వినలేదు.

ఆ మధ్యాహ్నం రత్నమాల గారు లచ్చమ్మకు కాఫీ కలిపిచ్చి, పక్కనే కూర్చున్నారు.

"నాకో సాయం చేస్తావా? ఈసారి ఎవరు కట్టమన్నా ఆ గేటు కట్టనివ్వకు. నేనే కట్టబోయినా సరే. నలుగురిలో నన్ను తిట్టు."

"అయ్యో, మిమ్మల్ని నేనెట్ల తిడ్తనమ్మా?"

"కిందటిసారి నా మర్యాద కోసం ఊరుకున్నావు" అన్నారు రత్నమాల గారు, లచ్చమ్మ చెయ్యి పట్టుకుని. "ఈసారి ఆ మర్యాద చెయ్యకు తల్లీ."